బియ్యపు గంజి పెట్టిన గొంగడి

పోయిన వారం హారికను నల్లగొండ బస్టాండులో, హాలియా బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టించి వదిలేశాం. ఈ వారానికి రెండో కాలు కూడా పెట్టింది, కిటికీ పక్కన సీటు కూడా సంపాదించింది. ఒళ్లో సంచి, సంచిలో నాలుగు కాగితాలు. మనసులో మాత్రం ఒకటే పేరు, మల్లీశ్వరి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు సంగతి క్లుప్తంగా చెప్పాలి. చండూరు అవతల మగ్గాల ఊళ్లో పుట్టిన హారిక, గొర్ల మందతో వలస నడిచే ఒక కురుమ పిల్ల కథను నవలగా రాసింది. పేరు ‘మంద వెనక పిల్ల’. పది పన్నెండేళ్ల పిల్లలు చదివి ఏడ్చారు. వాళ్ల టీచర్లు పక్కకు తిరిగి ఏడ్చారు. తుమ్మెద కిశోర సాహిత్య పురస్కారానికి చివరిదాకా నిలిచిన ఐదు పుస్తకాల్లో అదొకటి. జాబితా బయటికొచ్చిన పదో రోజే కమిటీకి సంతకం లేని ఉత్తరం అందింది. ‘ఏడో అధ్యాయం హారిక రాసింది కాదు. 2019లోనే వేరొకరు రాశారు. రాసిన నోటుబుక్కు మా దగ్గరుంది’ అని అందులో ఉంది. రుజువుగా ఆ నోటుబుక్కులోవేనంటూ కంప్యూటర్లో కొట్టించిన మూడు పేజీలు జతచేశారు. శుక్రవారం పదకొండింటికి కమిటీవాళ్లు అందరి ముందూ విచారించడానికి నల్లగొండ వస్తున్నారు. పుస్తకంలోని ప్రతి వాక్యమూ తనదేనని హారిక వాళ్ల ముందు సంతకం పెట్టాలి. పెట్టలేకపోతే జాబితాలోంచి పేరు పోతుంది. పేరు అట్లా పోయాక ఆమె రెండో పుస్తకాన్ని ఎవరు వేస్తారు, ఏ బడి గుమ్మంలో అడుగు పెట్టనిస్తారు?

ఇవాళ బుధవారం.

బస్సు కనగల్ దాటింది. హారిక పోలీసోళ్లకన్నా శ్రద్ధగా పాత సంగతులన్నీ బయటికి తీసి చూసుకుంటోంది. పుస్తకం జాబితాలోకి వచ్చిన రోజు మల్లీశ్వరికి ఫోన్ చేస్తే ఏమంది? ‘నా కథకు నీకు పేరొచ్చింది పో!’ అని నవ్వింది. ఆ రోజు హారిక కూడా నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వును మళ్లీ వింటుంటే అందులో ముళ్లు గుచ్చుకుంటున్నాయి. మొన్న ఆదివారం మెసేజ్ పెడితే జవాబుగా ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది, అది కూడా సాయంత్రానికి. గురుకులంలో అయిదేళ్లు పక్కపక్కన పడుకున్న మనిషి బొటనవేలు బొమ్మ ఎందుకు పెడుతుంది? మనసులో ఏదో లేకపోతే?

ఇట్లా ఆలోచించేవాళ్లకు ప్రతిదీ రుజువే అవుతుంది. ముందు సీట్లో కూర్చున్న ముసలామె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసేసరికి, ఈమెకు కూడా ఉత్తరం సంగతి తెలుసేమో అనుకుంది హారిక. పాపం ఆ ముసలామె కిటికీ అద్దం మూయమని అడుగుదామా వద్దా అని చూస్తోంది.

హాలియాలో దిగి ఆటో మాట్లాడుకుంది. కాలువ గట్టు వెంట నాలుగు కిలోమీటర్లు పోతే, యాసంగి కోతలైపోయిన మళ్లలో మంద కనపడింది. ఏటా ఈ రోజుల్లో మహబూబ్‌నగర్ పక్క మెట్టనుంచి కురుమలు గొర్లను తోలుకుని ఇక్కడికి వస్తారు. గొర్లకు కొయ్యకాళ్ల గడ్డి, రైతు మడికి ఎరువు. మల్లీశ్వరి డిగ్రీ చదివింది, కల్వకుర్తిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. ఎండాకాలం సెలవులివ్వగానే మాత్రం తండ్రికి సాయంగా మంద దగ్గరికి వచ్చేస్తుంది.

తుమ్మచెట్టు కింద మంద చుట్టూ కట్టే వలలు, గిన్నెలు, మంచినీళ్ల డబ్బా. మల్లీశ్వరి నాయనమ్మ గోపమ్మ కాళ్లు చాపుకుని, ఒక గొర్రెపిల్లను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, దాని డెక్కలోంచి ముల్లు తీస్తోంది. ఆటో చప్పుడుకు మల్లీశ్వరి చేతిలో కర్ర పారేసి పరుగెత్తుకుంటూ వచ్చింది.

“హారీ! చెప్పకుండ వస్తివేందే?”

“చెప్తే ఉంటవో ఉండవో అని.”

“యాడికి పోతనే, మూడొందల గొర్లను సంకల వెట్టుకొని?”

మల్లీశ్వరి పడిపడి నవ్వింది. ఇంత సంతోషం ఎందుకు, ఏదో దాచడానికి కాకపోతే? అనుకుంది హారిక. మల్లీశ్వరి చెంబుతో చల్ల తెచ్చిచ్చింది. హారిక పుచ్చుకుంది కానీ తాగలేదు. చెంబు పక్కన పెట్టి, సంచిలోంచి కాగితాలు తీసి చేతికిచ్చింది.

“గిదేంది?”

“సదువు.”

మల్లీశ్వరి పై కాగితం, అంటే ఉత్తరం, నిలబడే చదివింది. చదువుతుంటే పెదాలు కదులుతున్నాయి. హారిక ఆమె ముఖం మీంచి కళ్లు తిప్పలేదు. ఎక్కడ ఉలికిపడుతుంది, ఎక్కడ చూపు తప్పిస్తుంది అని కాచుకుని ఉంది. మల్లీశ్వరి ఎక్కడా ఉలికిపడలేదు. అది కూడా అనుమానంగానే తోచింది.

“ఎవరు రాసిండ్రే గిట్ల?”

“గదే అడుగుదామని వచ్చిన.”

“ఎవర్ని?”

హారిక ఆమెనే చూస్తోంది. మల్లీశ్వరికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వబోయి ఆగిపోయింది.

“నన్నా?”

“గా ఏడో అధ్యాయం మొత్తం మీ ఇంటి ముచ్చటే గదా మల్లీ. మీ అవ్వ గొంగడి నేసుడు, సచ్చిన గొర్రెపిల్ల కోసం పిల్ల ఏడ్సుడు. నాకు తెలుసు, నీకు తెలుసు. మూడో మనిషికి తెల్వది.”

“నేనే చెప్పిన. చెప్పినని నువ్వు బుక్కు మొదటి పేజీల అచ్చేసినవ్, నా పేరు పెట్టి. ఊర్ల అందరికి సూపెట్టుకున్న. మల్ల దొంగచాటుగ ఉత్తరం రాసుడు నాకెందుకే?”

“నా కథకు నీకు పేరొచ్చింది అన్నవ్ గదా ఫోన్ల.”

“నవ్వుకుంట అన్న!”

“నవ్వుకుంటనే అన్నవ్.”

మల్లీశ్వరి కాగితాలు కిందకు దించింది. కాలువ నీళ్లలో గొర్లు మూతులు పెట్టి తాగుతున్నాయి. ఆమె మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు బాగా తగ్గిపోయింది.

“కమిటోళ్లకు నా పేరు చెప్పినవా?”

హారిక తల వంచుకుంది. నిన్న సాయంత్రం కమిటీ తరఫున విజేందర్ అనే ఆయన ఫోన్ చేసి, ఎవరిమీదైనా అనుమానం ఉందా అమ్మా అని మర్యాదగానే అడిగాడు. ఉంది అని హారిక అంతకన్నా మర్యాదగా చెప్పింది. ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబరుతో సహా.

“చెప్పినవా లేదా?”

“చెప్పిన.”

మల్లీశ్వరి మందలోకి నడిచింది. దారి తప్పని గొర్రెను కూడా ఒకదాన్ని అదిలించింది. కాసేపటికి తిరిగొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“తొమ్మిదో తరగతిల నీకు జ్వరమొస్తే ఎవరు గూసున్నరే నీ పక్కన? ఒక్క కంచంల తిన్నం. నువ్వు సినిమాల మనుషుల లెక్క రుజువులు పట్టుకొని వస్తివి. గొర్లు కాసేటోళ్లు గదా, గిట్లనే చేస్తరు అనుకున్నవా?”

“అట్ల కాదు మల్లీ...”

“మల్లెట్ల?”

హారికకు సిగ్గేసింది. కానీ సిగ్గు వేసినంత మాత్రాన అనుమానం పోదు. ఇది కూడా నటన కావచ్చు కదా అని లోపల ఒక మూల ఇంకా అంటూనే ఉంది. శుక్రవారం సంతకం పెట్టాల్సింది తాను. పోయేది తన పేరు.

ఇద్దరూ బిగుసుకుపోయి నిలబడితే, గోపమ్మ ముల్లు తీసిన గొర్రెపిల్లను కింద వదిలి, అరచేయి అడ్డం పెట్టుకుని వీళ్లవైపు చూసింది.

“ఏందే గా లొల్లి? నా గొంగడి ముచ్చట ఏందో అంటున్నరు. ఏం రాసున్నదే గా కాగితంల? జర సదువు, నేను గూడ ఇంట.”

“ఏం లేదు అవ్వా,” అంది హారిక.

“ఏం లేంది కాడికి గింత దూరం బస్సెక్కి వస్తవా బిడ్డా? సదువు మల్లీ.”

మల్లీశ్వరి కోపంతోనే రెండో కాగితం తిప్పి, బడిలో పాఠం చెప్పే గొంతుతో గట్టిగా చదివింది.

‘ఎండ ముదరక ముందే అవ్వ ఉన్ని పడుగును వాకిలి పొడుగునా పరిచింది. వార్చిన బియ్యపు గంజిని మూకుట్లో తెచ్చి పోగుపోగుకూ పట్టించింది. పిల్ల గుంజకు ఆనుకుని, చచ్చిపోయిన గొర్రెపిల్ల కోసం ఏడుస్తూనే ఉంది. అవ్వ ఊకో అనలేదు. గంజి చేయి తుడుచుకోకుండానే పిల్ల తల మీద పెట్టి, ఏడువు బిడ్డా, తడిసిన పోగు తెగదు, అన్నది.’

గోపమ్మ నోటి మీద కొంగు పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని హారిక దగ్గరికి పోబోయింది. తీరా చూస్తే నవ్వుతోంది.

“బియ్యపు గంజా! ఓ బిడ్డా, ఉన్నికి బియ్యపు గంజి పెడ్తరా? ఎండినంక పొట్టు పొట్టు రాలిపోతది. చింతగింజలు ఏంచి, పొట్టు తీసి, నానవోసి రుబ్బి, అంబలి కాసి పెడ్తం. మా తాతల నాటికెళ్లి గంతే. నీకు కూసుండవెట్టి చెప్పితి గదా నేను!”

“చెప్పినవ్ అవ్వా. నేను గట్లనే రాసిన. బుక్కుల చింతగింజలనే ఉన్నది,” అంది హారిక.

అన్న తర్వాత ఆ మాట తన చెవులకే వింతగా వినిపించింది. పుస్తకంలో చింతగింజలని ఉంటే, ఈ కాగితంలో బియ్యపు గంజి ఎక్కడిది?

నిజం చెప్పాలంటే హారిక ఆ మూడు పేజీలను ఒక్కసారి కూడా ఆసాంతం చదవలేదు. మొదటి రెండు వాక్యాలు చూసి, ఇవి నా మాటలే కదా అనుకుని, కోపంతో మడిచి సంచిలో పెట్టేసింది. తన వంట తానే రుచి చూడని వంటమనిషిలాగా, రాసినవాళ్లు సొంత రాతను మళ్లీ చదవరు.

మల్లీశ్వరి అప్పటికే తన సంచి దగ్గరికి పోయింది. పాలిథిన్ కవరులో చుట్టి పెట్టుకున్న పుస్తకం తెచ్చింది. అంచులు నలిగి ఉన్నాయి, చాలాసార్లు చదివిన పుస్తకం. ఏడో అధ్యాయం తీసి, కాగితం పక్కన పెట్టి వేలితో ఒక్కొక్క వరుసా చూపించింది.

“సూడు. గీడ చింతగింజల అంబలి. గీడ బియ్యపు గంజి. మిగతా అంత దాదాపు ఒక్కటే. నీ బుక్కు జూసి ఎవరన్న కొట్టిస్తే చింతగింజలే ఉండాలె గదా?”

“ఇది బుక్కు జూసి కొట్టిచ్చింది గాదు,” అంది హారిక మెల్లగా. “నా మొదటి నోటుబుక్కుది. మీ ఊరికొచ్చి అవ్వను అడగకముందు రాసింది.”

“గా నోటుబుక్కు యాడున్నది?”

“ఇంటికి సున్నమేసిన్నాడు పాత కాగితాల్ల పోయిందనుకున్న.”

“పోలే. ఎవరి దగ్గర్నో ఉన్నది. నేనైతే దాన్ని కండ్లతోని సూడలే. సూస్తే గీ గంజి ముచ్చట దిద్దకుండ ఊకుంటనా? ఉన్నికి బియ్యపు గంజి అని రాసేటోళ్లు ఎవరే? పొద్దున లేస్తే నూలుకు గంజి పెట్టేటోళ్లు. మగ్గం ఇంట్ల పుట్టినోళ్లు.”

“నేను గూడ మగ్గం ఇంట్లనే పుట్టిన గదా. నేనే రాసుంట.”

మల్లీశ్వరి ఏదో అనబోయేలోపు గోపమ్మ అడ్డం వచ్చింది. ఆమె నవ్వు ఆగిపోయింది. ఏదో లెక్క తప్పినట్టు నుదురు ముడిపడింది.

“గా ఆఖరి మాట మల్లోపాలి సదువే.”

“ఏడువు బిడ్డా, తడిసిన పోగు తెగదు.”

“గది నన్ను అనిపిచ్చినవా బిడ్డా? నేనెన్నడు అనలే గా మాట. ఉన్ని పోగు తడిస్తే బలం పోతది. గుంజితే పుటుక్కున తెగుతది. ఎండేదాంక మేము చెయ్యి గూడ పెట్టం. గది మా మాట గాదు. ఎవరో నూలు మనిషి మాట.”

హారిక పుస్తకం అందుకుని కింద కూర్చుంది. ఎందుకంటే ఆ మాట ఒక్క కాగితంలోనే లేదు. అచ్చయిన పుస్తకంలో ఉంది. పుస్తకం వెనక అట్ట మీద పెద్దక్షరాల్లో ఉంది. చివరి ఐదు పుస్తకాలను ప్రకటించిన రోజు, కమిటీ పెద్దాయన మైకు ముందు నిలబడి చదివిన ఒకే ఒక్క వాక్యం అది. ఆ తర్వాత ఎన్ని బళ్లలో పిల్లలు అడిగారు, మేడం, ఆ మాట మీకెట్లా వచ్చింది అని? ప్రతిసారీ హారిక, మా గోపమ్మ అవ్వ అన్నది అని చెప్పింది. అవ్వ అన్నదనే నమ్మింది కూడా.

“నువ్వు కల్పిచ్చినవనుకున్న,” అంది మల్లీశ్వరి. “కథల గట్ల రాస్తరు గదా అని నేనేం అనలే.”

“నేను కల్పియ్యలే.”

“మల్ల?”

హారికకు తెలియలేదు. తెలియకపోవడం అప్పటికి నిజమే. మల్లీశ్వరి ఎదురుగా గొంతుకూర్చుంది. ఇప్పుడు ఆమె ముఖంలో కోపం తగ్గి, ఒక రకమైన జాలి వచ్చింది. ఆ జాలిని చూసి హారికకు భయమేసింది.

“హారీ, గా నోటుబుక్కు ఎప్పటిది అన్నవ్?”

“పంతొమ్మిది. జనవరి, ఫిబ్రవరి.”

“గప్పుడు నీ చెయ్యి విరిగి ఉండె గదనే. బండి మీదికెళ్లి పడ్డవ్, దవాఖానల కుడిచేతికి పట్టీ ఏసిండ్రు. ఫోన్ ఎడమ చేత్తోని పట్టుకున్న అని చెప్తివి. నవల ఎట్ల రాస్తున్నవే మరి అంటే ఏమన్నవ్? నేను చెప్తాంటే అక్క రాస్తాంది అన్నవ్.”

అక్క. ప్రియాంక.

హారిక అక్క ప్రియాంక గురించి ఈ కథలో ఇంతదాకా మనం పెద్దగా మాట్లాడుకోలేదు. ఎవరూ మాట్లాడుకోరు. తల్లి పోయాక పదో తరగతితో చదువు ఆపి ఇంట్లో నిలబడిపోయిన మనిషి. పొద్దున్నుంచి ఆసు అనే మేకుల చట్రం ముందు కూర్చుని, చీరకు కావలసిన నూలును ఒక చివరి మేకు నుంచి ఇంకో చివరి మేకుకు చేత్తో అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది. ఒక చీరకు వేల తిప్పులు. కుడి భుజం ఎప్పుడూ నొస్తుంది. ఎప్పుడూ చెప్పదు. ఆమె వేసిన ఆసు నూలుతో తండ్రి వెంకటనర్సు నేసిన చీరలే హారికను గురుకులం దాటించి డిగ్రీ దాకా చదివించాయి.

ఆ జనవరి సాయంత్రాలు హారికకు యాదికొచ్చాయి. తాను మంచం మీద, చెయ్యి దిండు మీద. ప్రియాంక పొయ్యి పక్కన పీట వేసుకుని, మోకాళ్ల మీద నోటుబుక్కు పెట్టుకుని రాస్తోంది. తాను చెప్పేది. నొప్పి గోలీలకు మధ్యలోనే కళ్లు మూతలు పడేవి. అప్పుడప్పుడు మెలకువ వచ్చి చూస్తే ప్రియాంక ఇంకా రాస్తూనే ఉండేది. తాను ఏం చెప్పిందని రాస్తోంది? అప్పుడు ఆ ప్రశ్న రాలేదు. ఆరు వారాలకు పట్టీ విప్పాక ఆ పేజీలన్నీ తానే శుద్ధప్రతి రాసుకుంది, దిద్దింది, చింతగింజలు చేర్చింది. రాసుకుంటూ రాసుకుంటూ అన్నీ తనవే అయిపోయాయి.

తడిసిన పోగు తెగదు. ఆరో తరగతిలో గురుకులానికి పంపే రోజు, గేటు దగ్గర హారిక ఏడుస్తుంటే ఈ మాట అన్నదెవరు? అవ్వ కాదు. గోపమ్మను హారిక అప్పటికి చూడనే లేదు. ప్రియాంకే అన్నది, తన ఓణీ కొంగుతో చెల్లె ముక్కు తుడుస్తూ.

“మల్లీ, నన్ను మాఫ్ చెయ్యి,” అంది హారిక. ఏడుపు ఆగలేదు.

“మాఫ్ తర్వాత. ముందుగాల గా సారుకు ఫోన్ జేసి నా పేరు తీసెయ్యమను. నా ముందర్నే.”

హారిక ఫోన్ తీసింది. మల్లీశ్వరి చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. అవతల విజేందర్ గొంతు నిన్నటిలాగే మర్యాదగా ఉంది.

“సర్, నిన్న నేను చెప్పిన పేరు తప్పు. మల్లీశ్వరికి ఏం సంబంధం లేదు. నేను పొరపాటుపడ్డ.”

“అట్లాగా. మంచిదమ్మా, కొట్టేస్తాను. మరి ఇప్పుడు ఎవరి మీద అనుమానం?”

హారిక కాలువవైపు చూసింది. అవతల ఆయన ఓపికగా ఆగాడు. కలం పట్టుకుని ఉన్నాడని తెలుస్తూనే ఉంది.

“ఇంకా... తెల్వది సర్.”

మల్లీశ్వరి ఆ అబద్ధాన్ని విన్నది. చల్ల చెంబు మళ్లీ తెచ్చి చేతికిచ్చింది. ఈసారి హారిక ఒక్క గుక్కలో తాగేసింది. తాగి, అక్కతో ఒంటరిగా మాట్లాడదామని కాలువ గట్టు ఎక్కింది.

ఎక్కిందే కానీ వెంటనే నంబరు నొక్కలేదు. అక్క అట్లా చేయదు. ఎట్లా చేస్తుంది? ఉత్తరం రాసినవాళ్లు ఎవరో ఇంట్లో దూరి నోటుబుక్కు ఎత్తుకుపోయారేమో. మల్లీశ్వరిని అనుమానించడానికి పది కారణాలు దొరికిన మనిషికి, అక్కను అనుమానించకుండా ఉండటానికి ఒక్క కారణం వెతుక్కుంటుంటే చేతికి రావడం లేదు. చివరికి నొక్కింది.

రెండు రింగులకే ఎత్తింది ప్రియాంక. చేతులు ఖాళీ ఉండవు కనుక స్పీకరు మీదే మాట్లాడుతుంది ఎప్పుడూ.

“యాడున్నవే? నాయిన రెండుసార్లు అడిగిండు, తిన్నదో లేదో అని.”

“హాలియా దగ్గరున్న అక్కా. మల్లీశ్వరి కాడికొచ్చిన.”

“మల్లీశ్వరి కాడికా? గామె కాడికెందుకు పోయినవ్? పాపం, గామె ఏం జేసింది?”

“ఏం జెయ్యలే,” అంది హారిక. “ఏం జెయ్యలేదని నీకెట్ల తెలుసక్కా?”

అవతల స్పీకరు తీసేసిన చిన్న టక్కుమనే శబ్దం వచ్చింది. ప్రియాంక ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. ఆసు మీద పని ఆపి ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం హారికకు తెలిసి ఇదే మొదటిసారి.

“గా నోటుబుక్కు నీ దగ్గర్నే ఉన్నదా?”

“ఉన్నది.”

“ఉత్తరం?”

“నేనే రాసిన. చండూరుల కొట్టిచ్చిన. నువ్వు మల్లీశ్వరిని అంటవని నేననుకోలే. గది నాదే తప్పు, గామెకు చెప్పు.”

ఎంత నెమ్మదిగా ఒప్పుకుంది! దబాయిస్తుందనుకుంది హారిక. కొట్లాటకు సిద్ధమై వచ్చినవాళ్లకు ఎదుటివాళ్లు నిజం చెప్పేస్తే నిలబడేందుకు చోటు ఉండదు.

“ఎందుకక్కా? నన్ను ఒక్కమాట అడగరాదా? ఊర్ల నా ఇజ్జత్ తీస్తివి. అడుగుతే నేను కాదంటనా?”

“అడిగిన.”

“ఎప్పుడు?”

“బుక్కు వచ్చిన్నాడు. కట్ట ఇప్పి మొదటి బుక్కు నాకే ఇచ్చినవ్. ఏడో అధ్యాయం చదివి, గిది మస్తుగున్నది హారికా, గిది ఎవరు రాసిండ్రు అన్న. నువ్వు నవ్వినవ్. నేనే గదా అన్నవ్.”

హారికకు ఆ రోజు బాగా గుర్తుంది. అక్క మెచ్చుకుందనుకుంది. ఆ మెప్పును నలుగురికీ చెప్పుకుంది కూడా.

“నేను మర్చిపోయిన అక్కా. ఒట్టు. నిజంగనే మర్చిపోయిన.”

“మర్చిపోయినవో, మర్చిపోయినట్టు జేసినవో నాకు తెల్వది హారికా. మూడేండ్లాయె నాలో నేను అనుకుంటనే ఉన్న. ఒకదినం మర్చిపోయింది పాపం అనిపిస్తది. ఇంకో దినం, అన్ని తెలుసు దానికి అనిపిస్తది. నిన్ను అట్ల అనుమానంగ సూసుకుంట ఒక్క ఇంట్ల ఉండుడు నాతోని అయితలేదు.”

కాలువ అవతల గట్టు మీద ట్రాక్టరు పోయింది. మూడేళ్లుగా అన్నం పెట్టిన చేయి, తల దువ్విన చేయి, అనుమానంతోనే పెట్టిందా, దువ్విందా? మంద దగ్గర్నుంచి మల్లీశ్వరి ఇటే చూస్తోంది.

“ఇంటికొస్తున్న,” అంది హారిక. “కూసొని మాట్లాడుకుందాం. నీ పేరు గూడ బుక్కు మీద ఏయిస్త. కమిటోళ్లకు నేనే చెప్త.”

“నిన్న చెప్తే గది వేరుండె. ఇయ్యాల దొరికినంక చెప్తున్నవ్. రా, అన్నం పెడ్త. కానీ గీ ముచ్చట ఇంట్ల ఎత్తకు. నాయిన ముందర అసలే వద్దు, ఆయనకు తెల్వది. శుక్రవారం నేను గూడ నల్లగొండకు వస్తున్న.”

“నువ్వా?”

“ఆఁ. మూడో వరుసల కూసుంట. నోటుబుక్కు నా సంచిల ఉంటది. వాళ్లు కాగితం నీ ముందర పెడ్తరు గదా, అన్ని నేనే రాసిన అని. నువ్వు దాని మీద ఏం రాస్తవో సూస్త. సూశినంకనే సంచి ఇప్పుత.”